అలవాటైన పట్టు, సరైన పట్టు

గోల్ఫ్ నిబంధనలు రాసినవాళ్లు బంతి కొలత మొదలుకొని గుంట వెడల్పు దాకా దేన్నీ వదిలిపెట్టలేదు. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములు దాటకూడదు. గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. సంచిలో 14 క్లబ్బులకు, అంటే బంతిని కొట్టే కర్రలకు, మించి ఉండకూడదు. ఇన్ని లెక్కల మధ్య, ఆట తెలియనివారి కంట పడని నియమం ఒకటుంది. పటర్ ఒక్కటి తప్ప మిగతా క్లబ్బుల పిడి గుండ్రంగానే ఉండాలి. వేళ్లు కుదురుకోవడానికి గాడులు పెట్టకూడదు, అరచేతి ఆకారానికి మలచకూడదు. కావాలంటే పిడి పొడవునా సన్నగా ఉబ్బిన ఒక తిన్నని గీత ఉండొచ్చు, అంతే. స్కూటర్ హ్యాండిల్‌కి గాడులుంటాయి, వంటింటి కత్తికీ వేళ్లకు వీలైన వంపులుంటాయి. గోల్ఫ్‌లో మాత్రం ఆ సాయం కుదరదు. నేర్చుకునేవాళ్ల కోసం గాడులు పెట్టిన పిడులు బజారులో దొరుకుతాయిగానీ వాటితో పోటీలో దిగనివ్వరు. ఎలా పట్టుకోవాలో పిడి చెప్పకూడదు, చేతికే తెలిసుండాలి అన్నట్టుంటుంది ఆ నియమం. అంటే బంతిని కొట్టడం ఎంత నేర్పో, క్లబ్‌ను పట్టుకోవడమూ అంతే నేర్పు.

ఈ ఆట మన దేశానికి కొత్తేమీ కాదు. బ్రిటిష్ దీవుల వెలుపల అన్నిటికంటే పాత గోల్ఫ్ క్లబ్ కలకత్తాలో 1829లోనే మొదలైంది. ఇవాళ హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కనా, విశాఖలోనూ గోల్ఫ్ మైదానాలున్నాయి. ఉద్యోగాల్లో కుదురుకున్న యువతీయువకులు కొందరు సాయంత్రం డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లి బుట్టెడు బంతులు కొట్టి వస్తున్నారు. అలా మొదలుపెట్టినవారి ధ్యాసంతా స్వింగ్ మీదే, అంటే క్లబ్‌ను ఊపే తీరు మీదే, ఉంటుంది. నడుము ఎంత తిప్పాలి, మోచేయి ఎక్కడుండాలి, బరువు ఏ కాలి మీదికి మారాలి అని ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటారు. పట్టు సంగతి మొదటి రోజు ఐదు నిమిషాల్లో అయిపోతుంది. చేతికి ఎలా హాయిగా ఉంటే అలా పట్టుకుని కొట్టడం మొదలుపెడతారు. అసలు పొరపాటు అక్కడే ఉంది. గోల్ఫ్ క్లబ్ విషయంలో హాయిగా అనిపించడం సరైన పట్టుకు గుర్తు కాదు. మొదటి రోజు హాయిగా కుదిరిన పట్టు చాలావరకు తప్పుడు పట్టే. దాన్ని దిద్దుకోకుండా స్వింగ్ మీద ఎంత శ్రమపడినా, ఆ శ్రమలో ఎక్కువ భాగం పట్టులోని తప్పును సర్దుకోవడానికే పోతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం క్లబ్, బంతి తాకే ఆ క్షణంలో ఉంది. తాకడమంటే సెకనులో రెండువేలవ వంతు. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్లబ్ తల ఆ వ్యవధిలో రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ దూరం కదులుతుంది, అంతలో బంతి దాన్ని వదిలి వెళ్లిపోతుంది. పైనుంచి క్లబ్ కిందికి రావడానికి పట్టే కాలం కూడా సుమారు పావు సెకనే. కంటికి తప్పు తెలిసి, మెదడు చేతికి కబురుపెట్టి, చేయి సరిదిద్దుకునేంత వ్యవధి అందులో లేదు. ఆ క్షణానికి క్లబ్ ముఖం, అంటే బంతిని తాకే పక్క, ఎటు తిరిగి ఉంటే బంతి దాదాపు అటే బయలుదేరుతుంది. క్లబ్ ఏ దారిలో ఊగితే బంతి ఆ దారినే మొదలవుతుందని, ముఖం తిరిగిన తీరు ఆ తర్వాతి వంపును మాత్రమే నిర్ణయిస్తుందని చాలాకాలం పాఠాల్లో చెప్పేవారు. బంతి గమనాన్ని కొలిచే రాడార్ యంత్రాలు వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. ఐరన్ క్లబ్బులతో కొట్టినప్పుడు బంతి బయలుదేరే దిశలో సుమారు నాలుగింట మూడు వంతులు ముఖానిదే. దూరం కొట్టడానికి వాడే డ్రైవర్‌తోనైతే అది ఇంకా ఎక్కువ. ఇప్పుడు కాస్త లెక్క వేసి చూడండి. ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి, బంతి అటే తిన్నగా పోయిందనుకుంటే, 200 గజాల దూరానికి చేరేసరికి మూడున్నర గజాలు పక్కకు పడుతుంది. నాలుగు డిగ్రీలు తిరిగితే 14 గజాలు. 30 గజాల వెడల్పున్న పచ్చిక బాటకు నడిమధ్యన గురిపెట్టిన బంతి అంచు మీదికి చేరిపోయినట్టే. బంతికి అంటుకునే పక్కతిరుగుడు దాన్ని ఇంకా దూరం లాక్కుపోతుంది. నాలుగు డిగ్రీలంటే గడియారంలో పెద్దముల్లు ఒక నిమిషానికి జరిగే దూరం కన్నా తక్కువ. అంత సన్నని తేడాను పట్టి ఉంచాల్సింది ఎవరు? నడుము క్లబ్‌ను తాకదు, భుజం తాకదు. శరీరంలో క్లబ్‌ను తాకేవి రెండు చేతులే.

మరి ఆ చేతులు ముఖాన్ని ఎలా తిప్పేస్తాయి? దీన్ని ఇంట్లో నిలబడే చూసుకోవచ్చు. నడుము దగ్గర కాస్త ముందుకు వంగి, ఎడమ చేతిని వదులుగా వేలాడదీయండి. అరచేయి పూర్తిగా తొడవైపూ ఉండదు, పూర్తిగా వెనక్కూ తిరగదు, రెంటికీ మధ్య ఒకచోట ఆగుతుంది. పైనుంచి చూస్తే పిడికిలి కణుపులు రెండో, రెండున్నరో కనిపిస్తాయి. చేతికి అది పుట్టుకతో వచ్చిన నిలకడ. క్లబ్‌ను వేగంగా ఊపినప్పుడు ఆ ఊపు చేతిని సాగదీసి మళ్లీ ఆ నిలకడకే తెచ్చి పెడుతుంది. కాబట్టి ఆ నిలకడలో ఉండగానే పిడిని పట్టుకుంటే, బంతి దగ్గరికి వచ్చేసరికి ముఖం మొదట పెట్టిన చోటికే తిరిగొస్తుంది. ఒక్క కణుపే కనిపించేలా చేతిని ఎడమకు తిప్పి పట్టుకున్నారనుకోండి, ఊపులో చేయి తన చోటికి రావడం కోసం కుడికి తిరుగుతుంది, దాంతోపాటు ముఖమూ తెరుచుకుంటుంది. బంతి కుడివైపుకు వంపు తిరిగి పోతుంది. కొత్తవాళ్లను పీడించే స్లైస్ ఎక్కువగా ఇదే. మూడు నాలుగు కణుపులు కనిపించేలా చేతిని కుడికి తిప్పి పట్టుకుంటే దీనికి వ్యతిరేకం జరుగుతుంది, ముఖం మూసుకుపోయి బంతి ఎడమకు హుక్ అవుతుంది. గోల్ఫ్ భాషలో మొదటిది వీక్ గ్రిప్, రెండోది స్ట్రాంగ్ గ్రిప్. ఈ మాటలకు బిగువుతో సంబంధం లేదు, చేయి పిడి మీద ఎటు తిరిగి ఉందన్నదే వాటి అర్థం. ఇది తెలియక స్ట్రాంగ్ అన్నారు కదా అని పిడిని పిసికేసేవాళ్లున్నారు. పైన చెప్పినవన్నీ కుడిచేతివాటం వారికి. ఎడమచేతివాటం వారు అన్నిటినీ అద్దంలో చూసుకున్నట్టు తిప్పి చదువుకోవాలి.

చేయి ఎటు తిరిగి ఉందన్నది సగం సంగతి. పిడి చేతిలో ఎక్కడ ఆనుతుందన్నది మిగతా సగం, అలవాటు ఎక్కువగా మోసం చేసేదీ ఇక్కడే. కర్ర చేతికిస్తే మనం దాన్ని అరచేతిలోకి తీసుకుని గుప్పిట బిగిస్తాం. గొడ్డలి, గడ్డపార, రోకలి, చీపురు, ఊరి పిల్లల చేతిలో చిర్రగోనె, అన్నీ మన చేతికి నేర్పింది ఆ గుప్పిటే. గోల్ఫ్ క్లబ్ కూడా చూడటానికి కర్రలాగే ఉంటుంది కాబట్టి చేయి దాన్నీ అలాగే అందుకుంటుంది. కానీ పిడి అరచేతికి అడ్డంగా పడి గుప్పిట మూసుకుంటే మణికట్టు బిగుసుకుపోతుంది. ఒక గొడుగు తీసుకుని చూడండి. గుప్పిట నిండా బిగించి పట్టుకుని, ముంజేయి కదపకుండా, మణికట్టుతో దాని కొనను పైకి లేపబోతే కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. అదే గొడుగును వేళ్ల మొదళ్ల మీద ఆనించి పట్టుకుంటే మణికట్టు తలుపు బందులాగా తేలిగ్గా మడత పడుతుంది. క్లబ్ తలకు వేగం వచ్చేది ఎక్కువగా ఈ మడత విప్పుకోవడంలోనే. భుజాల బలం ఎంతున్నా మడత లేని మణికట్టుతో కొట్టిన బంతి దూరం పోదు. ఇది నిజమని చెప్పడానికి గోల్ఫ్‌లోనే ఇంకో సాక్ష్యం ఉంది. పచ్చిక మీద బంతిని మెల్లగా దొర్లించే పటర్‌ను చాలామంది నిపుణులు అరచేతుల్లోకే తీసుకుంటారు. అక్కడ మణికట్టు కదలకూడదు కాబట్టి. అరచేతి పట్టు మణికట్టును ఆపుతుందని తెలిసే ఒకచోట దాన్ని కావాలని వాడుతున్నారు, ఇంకోచోట కావాలనే వదిలేస్తున్నారు.

ఇక పట్టు కుదుర్చుకునే పద్ధతి. ముందు ఎడమ చేయి. పిడి చివర అరంగుళం పైకి మిగిలేలా చూసుకుని, దాన్ని వేళ్ల మీద ఏటవాలుగా పెట్టాలి. చిటికెన వేలి మొదట్లో మొదలై, చూపుడు వేలి నడిమి గీత దగ్గర ముగియాలి. వేళ్లు మూసినప్పుడు, అరచేతి అడుగున చిటికెన వేలి వైపు ఉబ్బెత్తుగా ఉండే కండ పిడి మీద కూర్చోవాలి. పక్కన కాదు, కింద కాదు, సరిగ్గా పిడి మీద. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మిగతా వేళ్లు వదిలేసి, చూపుడు వేలిని కొక్కెంలా వంచి, ఆ కండతోనూ ఆ వేలితోనూ మాత్రమే క్లబ్‌ను గాల్లోకి లేపాలి. పిడి సరైన చోట ఉంటే క్లబ్ నిలుస్తుంది, అరచేతిలోకి జారి ఉంటే తిరిగిపోతుంది. బొటనవేలు పిడికి నట్టనడుమ కాకుండా కొద్దిగా కుడిపక్కకు ఆనాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పడే సందు కుడి చెవికీ కుడి భుజానికీ మధ్య ఎక్కడో చూస్తూ ఉండాలి. తర్వాత కుడి చేయి. ఇదీ వేళ్లతోనే రావాలి, ముఖ్యంగా నడిమి వేలు, ఉంగరపు వేలు పిడిని పట్టుకోవాలి. కుడి అరచేతిలో బొటనవేలి ఉబ్బు చుట్టూ వంపు తిరిగే గీత ఉంటుంది కదా, ఆ గాడిలో ఎడమ బొటనవేలు ఒదిగిపోవాలి. కుడి చూపుడు వేలు మిగతా వేళ్లకు కాస్త ఎడంగా, వంగి ఉండాలి. ఈ చేతి సందు కూడా ఎడమ చేతి సందు చూసినవైపే చూడాలి. రెండు సందులూ చెరోవైపు చూస్తుంటే ఒక చేయి ముఖాన్ని మూస్తుంటుంది, ఇంకోటి తెరుస్తుంటుంది. ఏది గెలుస్తుందన్నది ప్రతి దెబ్బకూ మారుతుంది. కొత్త ఆటగాడి బంతి ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ పోవడం వెనక తరచుగా ఉండే కారణం ఇదే.

రెండు చేతులూ ఒకదానితో ఒకటి ఎలా కలవాలన్న దాని మీదే ఈ విషయంలో ఎక్కువ చర్చ జరుగుతుంటుంది. నిజానికి అంత చర్చ అక్కర్లేదు. కుడి చిటికెన వేలిని ఎడమ చూపుడు, మధ్య వేళ్ల సందు మీద ఆనిస్తే అది ఓవర్‌ల్యాప్. దీన్ని వార్డన్ గ్రిప్ అనీ అంటారు. ఓపెన్ చాంపియన్‌షిప్‌ను 1896, 1914 మధ్య ఆరుసార్లు గెలిచిన హ్యారీ వార్డన్ దాన్ని ప్రపంచమంతా వ్యాపింపజేశాడు. కనిపెట్టింది మాత్రం ఆయన కాదు. స్కాట్లండ్ అమెచ్యూర్ ఆటగాడు జానీ లెయిడ్లే అంతకుముందే అలా పట్టుకుని ఆడేవాడు. కుడి చిటికెన వేలినీ ఎడమ చూపుడు వేలినీ ఒకదానిలో ఒకటి మెలిపెడితే ఇంటర్‌లాక్. 18 మేజర్ టైటిళ్లు గెలిచిన జాక్ నిక్లాస్‌ది, 15 గెలిచిన టైగర్ వుడ్స్‌ది ఈ పట్టే. పది వేళ్లనూ పిడి మీదే పక్కపక్కన ఉంచితే అది టెన్ ఫింగర్. ఆర్ట్ వాల్ 1959లో మాస్టర్స్ గెలిచింది దీనితోనే. చేతులు చిన్నవిగా ఉన్నవారికి, పిల్లలకు, కీళ్లనొప్పులున్నవారికి చివరిది తేలిక. మూడింటి లక్ష్యం ఒకటే, రెండు చేతులూ ఒకే చేయిలా కదలడం. ఏ ముడితో అది సాధ్యమైతే ఆ ముడి వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. చాంపియన్లే ఇన్ని రకాలుగా పట్టుకున్నప్పుడు, సరైన పట్టు అనేది ఒకటి ఉందని ఎలా అంటారు? బెన్ హోగన్ ఎడమ చేతిని బాగా ఎడమకు తిప్పుకున్నాడు. పాల్ అజింగర్ దానికి పూర్తి వ్యతిరేకంగా, చేతిని బాగా కుడికి తిప్పుకునే 1993 పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఇద్దరిదీ సరైనదేనా? అవును, సరైనదే. హోగన్ కథ చూస్తే ఎందుకో అర్థమవుతుంది. తొలినాళ్లలో ఆయన బంతి ఎడమకు విపరీతంగా హుక్ అయ్యేది. ఆ రోగానికి ఆయన ఏళ్ల తరబడి వెతికి కనుక్కున్న మందుల్లో ఒకటి పట్టును వీక్ చేసుకోవడం. 1955లో లైఫ్ పత్రికలో తన రహస్యమంటూ బయటపెట్టినదాంట్లో అది ఒక భాగం. 1957లో వచ్చిన ఆయన పుస్తకం ఫైవ్ లెసన్స్‌లో మొదటి పాఠం స్వింగ్ గురించి కాదు, పట్టు గురించే. అది చదివి హోగన్ చేతిని ఉన్నదున్నట్టు అనుకరించిన మామూలు ఆటగాళ్ల సంగతేమిటి? వాళ్లలో ఎక్కువమందిది హుక్ కాదు, స్లైస్. ముఖాన్ని తెరిచే మందును, ముఖం అప్పటికే తెరుచుకుపోతున్నవాడు మింగితే రోగం ముదురుతుంది. హోగన్ మందు మంచిదే, అది హోగన్ రోగానికి రాసిన మందు. అజింగర్‌కీ ఇదే వర్తిస్తుంది. మూసుకుపోయే ముఖాన్ని తన శరీరపు తిరుగుడుతో ఆపగలిగే స్వింగ్ ఆయనకుంది. కాబట్టి పట్టు సరైనదా కాదా అని తేల్చేది పుస్తకంలోని బొమ్మతో పోలిక కాదు, బంతి దగ్గరికి వచ్చేసరికి ముఖాన్ని అది తిన్నగా తెచ్చిందా లేదా అన్నదే. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంకా ఓ స్వింగ్ అంటూ ఏర్పడలేదు. అందుకే అతను చేయి సహజంగా వేలాడే ఆ రెండు కణుపుల నిలకడ దగ్గర మొదలుపెట్టడమే న్యాయం. అక్కడి నుంచి ఎటు జరపాలో బంతే చెబుతుంది.

ఇంతకన్నా గట్టి ఉదాహరణ దక్షిణాఫ్రికాలో ఉంది. డర్బన్‌కు చెందిన భారత సంతతి ఆటగాడు పాప్వా సీగోలమ్ ఆటగాళ్ల సంచి మోసే కాడీగా పనిచేస్తూ ఎవరూ నేర్పకుండానే ఆట నేర్చుకున్నాడు. కుడిచేతివాటం ఆటగాడే అయినా ఎడమ చేతిని కిందా కుడి చేతిని పైనా పెట్టి, అంటే అందరికీ వ్యతిరేకంగా పట్టుకుని కొట్టేవాడు. ఆ పట్టుతోనే 1959, 1960, 1964లలో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో నేటాల్ ఓపెన్ కూడా గెలిచాడు. జాతివివక్ష చట్టాల వల్ల క్లబ్ భవనంలో అడుగుపెట్టనివ్వక, వానలో బయట నిలబెట్టి కప్పు చేతికిచ్చారు. ఆ దృశ్యాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో మొదలై, తెలుగు, తమిళ కూలీలు చెరకు తోటలకు వెళ్లిన గడ్డ ఆ నేటాలే. సీగోలమ్ విజయాలను చూపించి, పట్టుకు పాఠం అక్కర్లేదని ఎవరైనా అనొచ్చు. కానీ ఆయన తన విచిత్రమైన పట్టుకు సరిపోయే స్వింగ్‌ను చిన్ననాటి నుంచీ వేలాది బంతులు కొట్టి సొంతంగా నిర్మించుకున్నాడు. ఆ పట్టు ఆయనకు మొదటి రోజు హాయి కాదు, జీవితమంతా పెట్టిన సాధన. వారానికి ఒకసారి రేంజ్‌కి వెళ్లేవాడికి అంత తీరిక ఎక్కడిది? దారి తెలియకపోయినా అడవిని దాటినవాడు గొప్పవాడే, కానీ బాట ఉన్నప్పుడు మిగతావాళ్లు బాటనే నడవాలి. హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగు కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన గోల్ఫర్ సాహిత్ తీగల విషయమూ ఇలాంటిదే. వెన్ను ఒంపు తిరిగి ఉండే స్కోలియోసిస్ ఉన్నా, తన శరీరానికి తగ్గ స్వింగ్‌తోనే 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. శరీరాలు వేరు కాబట్టి స్వింగ్‌లు వేరుగా ఉంటాయి. ముఖం తిన్నగా రావాలన్న షరతు మాత్రం అందరికీ ఒక్కటే.

బిగువు గురించి చెప్పేటప్పుడు వచ్చే సందేహం ఇంకోటి. పాతతరం ఆటగాడు సామ్ స్నీడ్ క్లబ్‌ను బతికున్న పిట్టను పట్టుకున్నంత సుతారంగా పట్టుకోమనేవాడని గోల్ఫ్ లోకమంతా చెప్పుకుంటుంది. అంత వదులుగా పట్టుకుంటే క్లబ్ చేతిలోంచి ఎగిరిపోదా? భయం అర్థం లేనిదేమీ కాదు. సుమారు 200 గ్రాముల డ్రైవర్ తల పూర్తి వేగంతో ఊగేటప్పుడు చేతులను 20 కిలోలకు పైగా బరువు వేలాడదీసినంతగా లాగుతుంది. అయితే ఆ లాగుడును తట్టుకునేది నలిపే శక్తి కాదు, వేళ్ల వంపు. నీళ్లు నిండిన బకెట్‌ను మోసుకొచ్చేటప్పుడు చూడండి. కడియాన్ని ఎవరూ పిసికి పట్టుకోరు. వంచిన వేళ్ల మీద అది వేలాడుతుంది, ముంజేయి తేలిగ్గానే ఉంటుంది. ఎడమ చేతి చివరి మూడు వేళ్లు, కుడి చేతి నడిమి రెండు వేళ్లు క్లబ్‌కు అలాంటి కొక్కేలే. ఊపు పెరిగేకొద్దీ చేయి తనంతట తానే కావలసినంత బిగుసుకుంటుంది, దానికి మనం చెప్పనక్కర్లేదు. మొదట్లోనే బలమంతా పెట్టి బిగిస్తే ఆ బిగువు ముంజేతిలోకీ భుజంలోకీ ఎక్కుతుంది, మణికట్టు మడత తెరుచుకోదు, క్లబ్ తల వెనకబడుతుంది. వదులు అంటే ఊగిసలాట అని కాదు. స్వింగ్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా వేళ్లు పిడి మీద తమ చోటు మారకూడదు. పైకెత్తినప్పుడు చేయి తెరుచుకుని, కిందికి వచ్చేటప్పుడు మళ్లీ గబుక్కున పట్టుకునే అలవాటు చాలామందిలో ఉంటుంది. అలా పట్టిన రెండో పట్టు ఎటు తిరిగి ఉందో ఆ ఆటగాడికే తెలియదు. మన ఎండల్లో, చెమటకు పిడి జారుతుందన్న భయంతో బిగించేవాళ్లే ఎక్కువ. దానికి మందు చెమట తుడుచుకునే తువ్వాలు, ఎడమ చేతికి సరిపోయే గ్లవ్, మెరుపెక్కి గట్టిపడిన పాత పిడి రబ్బరును మార్పించడం. క్లబ్బుల సెట్టు ఖరీదుతో పోలిస్తే పిడి మార్పించే ఖర్చు చాలా తక్కువ. అయినా ఏళ్ల తరబడి అరిగిన పిడులతోనే ఆడేవాళ్లు ఎందరో.

ఇప్పటి క్లబ్బులు తప్పులను క్షమిస్తాయి, పట్టు గురించి ఇంత బాధ ఎందుకు అనేవారూ ఉన్నారు. 460 ఘన సెంటీమీటర్ల డ్రైవర్ తల పెద్దది, నిజమే. బంతి ముఖం మధ్యలో కాకుండా పక్కన తగిలినా అది పెద్దగా మెలిపడదు. అది క్షమించేది ఆ ఒక్క తప్పును. ముఖమే వేరే దిక్కు చూస్తూ వస్తే ఆ పెద్ద తల బంతిని అంతే నమ్మకంగా ఆ వేరే దిక్కుకే పంపుతుంది. ముఖం కోణాన్ని కాస్త మార్చుకోగలిగే డ్రైవర్లూ వచ్చాయి. ప్రతిసారీ ఒకే వైపు, ఒకే మేర తప్పేవాడికి అవి పనికొస్తాయి. పట్టు నిలకడ లేనివాడి తప్పు ఒక్కో దెబ్బకు ఒక్కోలా ఉంటుంది, దాన్ని ఏ మరతో సరిచేస్తాం?

మిగిలింది హాయి సంగతి. సరైన పట్టు మొదట్లో చేతికి పరాయిగా తోస్తుంది. వేళ్ల మీద క్లబ్ ఆగదేమో అనిపిస్తుంది, కుడి చిటికెన వేలు ఎక్కడుండాలో తెలియక తిరుగుతుంది, బంతి మునుపటికన్నా అధ్వానంగా పోతుంది. చాలామంది ఇక్కడే తమ పాత పట్టుకు తిరిగిపోతారు. వాళ్లు ఒక్కసారి పలకా బలపం రోజులు గుర్తు తెచ్చుకోవాలి. పసివాడు బలపాన్ని గుప్పిటతోనే పట్టుకుంటాడు, వాడికి అదే హాయి. పెద్దలు ఆ గుప్పిట విప్పి, మూడు వేళ్ల మధ్య బలపం పెట్టి, చేతి మీద చేయి వేసి దిద్దిస్తారు. కొన్నాళ్లు వంకరటింకర గీతలే వస్తాయి. ఆ తర్వాత జీవితమంతా ఇంకోలా పట్టుకోవడం చేతకాదు. హాయి అనేది సాధన వెంట నడిచి వస్తుంది. గోల్ఫ్ పట్టుకు ఆ సాధన మైదానంలో కన్నా ఇంట్లోనే బాగా జరుగుతుంది, ఎందుకంటే ఎదురుగా బంతి ఉంటే మనసు దాని మీదికే పోతుంది. రోజూ పది నిమిషాలు, టీవీ చూస్తూ అయినా సరే, క్లబ్ చేతిలోకి తీసుకుని, కణుపులు లెక్కపెట్టి, సందులు ఎటు చూస్తున్నాయో గమనించి, వదిలేసి, మళ్లీ మొదటినుంచి పట్టుకోవాలి. కొన్ని వారాలకు చేయి కళ్లు మూసుకున్నా ఆ చోటు వెతుక్కుంటుంది. తర్వాత రేంజ్‌లో చిన్న క్లబ్బుతో సగం ఊపులు, ఆపైన పూర్తి ఊపులు.

ఇదంతా కుదురుతోందో లేదో గ్లవ్ చూసి తెలుసుకోవచ్చు. కొన్ని వారాలు వాడిన గ్లవ్‌ను తిప్పి వెలుతురులో పెట్టి చూడండి. వేళ్ల మొదళ్ల దగ్గర తోలు సమంగా నల్లబడి ఉంటే పిడి ఉండాల్సిన చోటే ఉంటోంది. అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు కండ దగ్గర తోలు అరిగి చిల్లు పడిందంటే, పిడి ఇంకా అరచేతిలోనే ఉంది, ప్రతి ఊపులోనూ అక్కడే రాసుకుంటోంది. కొత్త గ్లవ్ వేసుకున్న రోజున మొదటి బంతికి ముందే పిడిని మళ్లీ చిటికెన వేలి మొదట్లో ఆనించి, మిగతా వేళ్లు వదిలేసి, ఆ కండతో, వంచిన చూపుడు వేలితో క్లబ్‌ను గాల్లోకి లేపి చూసుకోవాలి.